నడిబొడ్డు పేటల్లో ఇల్లు కొనేముందు: పేట పేరు చూడాలా, సందు చూడాలా?

మూడోమెట్టు:
నగరం మధ్యకు 5 కిలోమీటర్ల లోపు మూడు పేటలు అనుకుంటున్నాం. మొదటిది సన్నటి సందుల పాత నివాస ప్రాంతం, భవనాలన్నీ 30–40 ఏళ్లవి. రెండోది రైలు స్టేషన్ పక్కన, ఆఫీసులూ దుకాణాలూ ఇళ్లూ కలిసిన వీధులు. మూడోది పాత గోదాములు కూల్చి కొత్తగా లేపిన బ్లాకులు. డబ్బు మూడింటికీ సరిపోతుంది, విస్తీర్ణంలోనే తేడా వస్తుంది. ఇంట్లో ఇద్దరు ఉద్యోగస్తులు, బడికి వెళ్లే పాప, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ. శివార్లా నడిబొడ్డా అన్న చర్చ మళ్లీ వద్దండి, అది తేల్చేసుకున్నాం. ఈ మూడింటిలో ఏది అన్నది దేన్ని కొలిచి తేల్చాలో చెప్పండి.

నడకలెక్క:
ముందుగా ఒక మాట. పేటను బట్టి తేల్చకండి. నడిబొడ్డులో ఒకే పేటలో రెండు సందులకు హస్తిమశకాంతరం ఉంటుంది. మీరు కొనేది ఒక గుమ్మం, దాని చుట్టూ ఒక 200 మీటర్లు, దాని కింద ఉన్న పైపులు. పేట పేరుకు కట్టే అదనపు ధరలో చాలా భాగం ఆ గుమ్మానికి అందదు.

కొలతలకొస్తే, దూరాన్ని నిమిషాల్లోకి మార్చండి, అదీ తలుపు నుంచి తలుపుకు. మామూలు నడక నిమిషానికి సుమారు 80 మీటర్లు, అంటే 800 మీటర్లకు పది నిమిషాలు. పెద్దావిడకు నిమిషానికి 50 మీటర్లే వేసుకోండి. మ్యాపులో గీత గీసి కొలిచే దూరాన్ని నమ్మొద్దు. మధ్యలో పట్టాలో, ఫ్లైఓవరో, పొడవాటి ప్రహరీ గోడో ఉంటే 400 మీటర్లు కాస్తా 900 అవుతుంది. పెద్ద రోడ్డు సిగ్నల్ ఒక్కోదానికి ఒకటి రెండు నిమిషాలు కలపండి. స్టేషన్లోకి వెళ్లాక మెట్లు, ప్లాట్‌ఫారం చివరిదాకా నడక, బండి కోసం నిలబడే సమయం కూడా లెక్కలో ఉండాలి. రైలు పది నిమిషాలకొకటి అయితే సగటున ఐదు నిమిషాలు అక్కడే పోతాయి.

ఒక వైపు 20 నిమిషాలు మిగిలితే రోజుకు 40, ఏడాదికి 240 పనిదినాలకు 160 గంటలు, ఒక్క మనిషికి. మనుషులు రోజు మొత్తం మీద ప్రయాణానికి ఇచ్చే సమయం గంటకు అటూ ఇటూగా నిలకడగా ఉంటుందని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్చెట్టి 1994లో రాశాడు. ఆ గంట దాటించే ఇల్లు ఎంత విశాలంగా ఉన్నా రెండేళ్లలో విసుగొస్తుంది. మీ ఇద్దరి ఆఫీసులూ వేర్వేరు దిక్కుల్లో ఉంటే ఇద్దరి నిమిషాలూ కలిపి చూడకండి, ఎవరిది ఎక్కువో దాన్ని చూడండి. ఇంకోటి, ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారదు. రెండు వేర్వేరు రైలు లేదా బస్సు మార్గాలు నడిచి అందుకోగల చోటు ఒకే మార్గం మీద ఆధారపడ్డ చోటు కన్నా చాలా మేలు.

మట్టంగొట్టం:
పై లెక్క బాగుంది. అయితే నడిబొడ్డు ఇళ్లను ముంచేది ప్రయాణం కాదు, నీళ్లు.

పాత పేటల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొరను గీకకుండా దాని మీదే కొత్తది పరుస్తారు. ఒక్కో పొర 3 నుంచి 5 సెంటీమీటర్లు. ఆరుసార్లు వేస్తే రోడ్డు మునుపటి మట్టం కన్నా 18–30 సెంటీమీటర్లు పైకి వస్తుంది. కట్టినప్పుడు రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లే ఇల్లు ఇప్పుడు మెట్టు దిగి వెళ్లేలా ఉందంటే సంగతి అదే. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస రోడ్డు నడుమ, ఇంకో కొస గడప దగ్గర పట్టుకుంటే తేడా ఎంతో అక్కడే తెలుస్తుంది. గడప రోడ్డు నడుమ కన్నా కనీసం 30 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. సమానంగా ఉన్నా, దిగువన ఉన్నా కింది అంతస్తు వదిలేయండి.

రెండోది మురుగు. వీధి మ్యాన్‌హోల్ మూత మట్టాన్నీ, ఇంట్లో బాత్రూం నేల జాలీ మట్టాన్నీ పోల్చండి. జాలీ కిందగా ఉంటే, పెద్ద వానకు వీధి పైపు నిండగానే మురుగు ముందుగా మీ బాత్రూంలోనే పైకి వస్తుంది. మ్యాన్‌హోల్ పొంగే లోపే ఇల్లు పొంగుతుంది. వాననీళ్లూ మురుగూ ఒకే పైపులో పోయే పాత నగరాల్లో ఈ బెడద ఎక్కువ. వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టొచ్చు. కానీ అది మూసుకున్నంతసేపూ మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు, పైనున్న ఫ్లాట్లు వాడే నీళ్లు కింది అంతస్తులోనే నిలుస్తాయి. పైగా రెండు మూడు నెలలకోసారి తెరిచి శుభ్రం చేయకపోతే చెత్త ఇరుక్కుని రెక్క మూసుకోదు.

దస్తావేజు:
వానొచ్చిన మర్నాడు వెళ్లి చూడమని నా మాట కలుపుకోండి. ఎండాకాలంలో అన్ని సందులూ అందమైనవే. గోడల మీద మోకాలి ఎత్తున అడ్డంగా మట్టి గీత, షట్టర్ల అడుగున ఒకే ఎత్తులో తుప్పు, గుమ్మాల ముందు కొత్తగా కట్టిన చిన్న సిమెంటు గట్లు... ఇవి కనిపిస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

మూడోమెట్టు:
మట్టంగొట్టం గారూ, మేం చూసినవన్నీ రెండో అంతస్తు, ఆపైనే. అయినా ఇది మాకు వర్తిస్తుందా?

మట్టంగొట్టం:
వర్తిస్తుంది. సంపు, మోటారు, లిఫ్టు గుంత, కరెంటు ప్యానెల్ అన్నీ కిందే కదా. సంపు మూత చుట్టూ గట్టు లేకపోతే మురుగు తాగునీళ్లలో కలుస్తుంది. ప్యానెల్ ఎంత ఎత్తున బిగించారో చూడండి, నడుము ఎత్తు కన్నా కింద ఉంటే వరద రోజున భవనం మొత్తం చీకటే.

నీటి ధార కూడా చూసుకోండి. 10 లీటర్ల బకెట్ నిండటానికి 60 సెకన్లు దాటితే పైపు లోపల సన్నబడి ఉండొచ్చు. పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులు బయటికి బాగానే కనిపిస్తూ లోపల తుప్పు పేరుకుని సగానికి మూసుకుపోతాయి. పొద్దున్నే మొదటిసారి తిప్పిన నీళ్లు ఎర్రగా వచ్చి కాసేపటికి తేటబడితే అదే రోగం. ట్యాంకు నుంచి మీ కుళాయికి ఎత్తు తేడా 10 మీటర్లుంటే సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. పై అంతస్తు ఫ్లాటుకు ట్యాంకు అడుగు 2–3 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి చిన్న పంపు లేకుండా షవర్ సరిగా రాదు.

పాతసిమెంటు:
మొదటి పేటలో 30–40 ఏళ్ల భవనాలన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

కొత్త కాంక్రీటు గట్టి క్షారం, పీహెచ్ 12–13 ఉంటుంది. అందువల్లే లోపలి చువ్వకు తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. ఇది చువ్వదాకా చేరి పీహెచ్ 9 కిందికి పడితే, చెమ్మ కూడా తోడైతే తుప్పు మొదలు. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, పైనున్న కాంక్రీటును తన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. అందుకే బాల్కనీ అడుగు, బాత్రూం కింది స్లాబు, ట్యాంకు కింది బీములు ముందు చూడాలి. చువ్వ వెంబడే తిన్నగా సాగిన పగులు, దాని మీద గోధుమరంగు మరక ఉంటే లోపల పని మొదలైనట్టే. చిన్న సుత్తితో తట్టండి, గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, విడిపోయినచోట గుల్ల శబ్దం వస్తుంది.

ఇంజనీరును పెట్టుకుంటే చిన్న ముక్క తాజాగా చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లమనండి. గులాబీ రంగు వచ్చినచోట క్షారం మిగిలి ఉంది, రంగు రానిచోట పోయింది. రంగులేని లోతు 25 మిల్లీమీటర్లుండి, చువ్వ మీద కాంక్రీటు మందం 20 మిల్లీమీటర్లే అయితే ఆ భవనానికి కాపలా పోయినట్టు. కాంక్రీటును కొట్టి అది ఎంత వెనక్కి తన్నిందో చూసే రిబౌండ్ హ్యామర్ ఒక్కదాన్నే నమ్మి బలం తేల్చేవాళ్లుంటారు. అది పై పొర గట్టిదనాన్నే చూపుతుంది, పైగా గాలికి క్షారం పోయిన పొర మరింత గట్టిగా కొడుతుంది కాబట్టి పాత భవనానికి ఎక్కువ మార్కులు వేస్తుంది. అనుమానం ఉంటే కోర్ (డ్రిల్లుతో కోసి తీసే కాంక్రీటు ముక్క) తీయించి పరీక్షించాల్సిందే.

పగుళ్లన్నీ ప్రమాదం కాదు. ప్లాస్టర్ మీద వెంట్రుకవాసి వలలాంటివి అది ఆరేటప్పుడు వచ్చినవే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకినవి, ఇటుకల వరసల వెంట మెట్లుమెట్లుగా దిగినవి, ఒక కొస సన్నగా ఇంకో కొస వెడల్పుగా ఉన్నవి పునాది కదలికను చెప్తాయి. 5 మిల్లీమీటర్లు దాటిన పగులుంటే ఇంజనీరు కాగితం లేకుండా బయానా ఇవ్వొద్దు.

మొత్తం గదిలో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఆ గోడ వెనక ఏ గది ఉందో చూడండి. తొంభై పాళ్లు బాత్రూమే.

దస్తావేజు:
అనుమతి ప్లాన్‌లో ఎన్ని అంతస్తులు, నిలబడి లెక్కపెడితే ఎన్ని? పాత పేటల్లో తర్వాత ఎక్కించిన అంతస్తు చాలాచోట్ల ఉంటుంది. పిల్లర్లు లెక్కగట్టింది మూడింటికైతే మోసేది నాలుగు. టెర్రస్ మీద అదనంగా కట్టిన 10,000 లీటర్ల ట్యాంకు నిండితే 10 టన్నులు, దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. మీరు కొనే ఫ్లాటు ఆ అదనపు అంతస్తులోనే ఉంటే కాగితం మీద లేని ఇంటికి డబ్బు కడుతున్నారని అర్థం. బ్యాంకు వాళ్లు పక్కకు జరిగేది కూడా అక్కడే.

చెవిలోజోరీగ:
శబ్దం గురించి ఎవరూ ఎత్తలేదు. రెండో పేట స్టేషన్ పక్కన అన్నారు కదా, పై అంతస్తు తీసుకుంటే సరిపోతుంది, వీధిలో చెట్లుంటే ఇంకా మంచిది.

గాజుతలుపు:
రెండూ సరికావండి. రోడ్డు లాంటి పొడవాటి మూలం నుంచి దూరం రెట్టింపైతే తగ్గేది సుమారు 3 డెసిబెల్స్ మాత్రమే. రోడ్డుకు 10 మీటర్ల దూరంలోని రెండో అంతస్తుకీ, అదే నిలువులో ఆరో అంతస్తుకీ చెవికి పెద్ద తేడా తెలియదు. ఒక్కోసారి కింది అంతస్తుకు ప్రహరీ గోడ అడ్డం పడుతుంది, పైదానికి అదీ ఉండదు. ఎత్తు మీద వేసిన రైలు మార్గమైతే దానికి సమానంగా ఉండే అంతస్తులదే నరకం. ఇక ఒక వరస చెట్లు నీడకు బాగుంటాయి, చూపును ఆపుతాయి, శబ్దాన్ని ఆపవు.

పని చేసేది భవనమే. అదే భవనంలో వీధి వైపు గదికీ వెనక పెరటి వైపు గదికీ 15–20 డెసిబెల్స్ తేడా రావొచ్చు. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది, దాన్ని బట్టి చూసుకోండి. పడకగదులు వెనక్కి, హాలు వీధికి ఉన్న ప్లాన్ అయితే రద్దీ వీధి కూడా భరించవచ్చు. రోడ్డు రద్దీ శబ్దం రాత్రిపూట సగటున 45 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపాకిచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, అయితే ఆ అంకె ఇంటి బయటి గోడ దగ్గర కొలిచేది. ఫోన్ యాప్ కొన్ని డెసిబెల్స్ తప్పు చూపిస్తుంది, కానీ ఒకే ఫోన్‌తో మూడు ఇళ్లను పోల్చడానికి పనికొస్తుంది.

కిటికీ సంగతి. ఓరగా తెరిచిన కిటికీ 10–15, బాగా మూసుకునే ఒంటి గాజుది 25 దాకా ఆపుతుంది. పాత జారుడు కిటికీల్లో శబ్దం వచ్చేది గాజులోంచి కాదు, అంచుల సందుల్లోంచి. గాజు మందం పెంచి రబ్బరు పట్టీలు మార్చకపోతే డబ్బు వృథా. మూసుకుంటే గాలి ఎలా అన్నది కూడా అప్పుడే ఆలోచించుకోవాలి.

చెవిలోజోరీగ:
చెట్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒకటి చేర్చండి. సగటు కన్నా నిద్ర చెడగొట్టేవి ఒక్కసారిగా వచ్చే మోతలు. తెల్లవారుజామున చెత్త బండి, దుకాణాలకు సరుకు దించే లారీ, జనరేటరు, పక్కనే ఫంక్షన్ హాలు. ట్రాన్స్‌ఫార్మర్ గోడకు ఆనుకుని ఉంటే సన్నటి ఝుంకారం రాత్రంతా వినిపిస్తుంది, 50 హెర్ట్జ్ కరెంటుకు అది 100 హెర్ట్జ్ శబ్దం, మామూలు కిటికీలు దాన్ని ఆపలేవు. పగలు రెండింటికి ఇల్లు చూపించే బ్రోకరుతో ఇవేవీ బయటపడవు. వారం మధ్యలో పొద్దున ఎనిమిదింటికి, రాత్రి పదకొండుకి, ఆదివారం సాయంత్రం, ఒకసారి తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి ఊరికే పదిహేను నిమిషాలు నిలబడండి.

నడకలెక్క:
ఆ పదకొండు గంటల రాకలో పార్కింగ్ కూడా తేలిపోతుంది. రాసిచ్చిన పార్కింగ్ చోటు టేపుతో కొలవండి, 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉండాలి. పిల్లర్ పక్కన అయితే తలుపు తెరుచుకునే వైపు ఇంకో 30 సెంటీమీటర్లు కావాలి.

భద్రతకూ అదే సమయం. కెమెరాలు లెక్కపెట్టకండి, వీధి వైపు వెలిగిన కిటికీలు లెక్కపెట్టండి. వీధిని కాపాడేది దాని మీద ఉండే కళ్లు అని నగరాల మీద రాసిన జేన్ జేకబ్స్ 1961లో చెప్పింది ఇదే. ఆఫీసులు మాత్రమే ఉన్న వీధి సాయంత్రం ఏడింటికి షట్టర్లు దించేసి గోడలా మారుతుంది. కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉన్న వీధి కాస్త గోలగా ఉన్నా పాప ఒంటరిగా ట్యూషన్ నుంచి రావడానికి అదే నయం.

మూడోమెట్టు:
మూడో పేట, గోదాముల చోటు, దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. కొత్త భవనం కాబట్టి ఇవేవీ ఉండవా?

పాతసిమెంటు:
వేరేవి ఉంటాయి. గోదాము అంటే ఏ గోదాము? నూనెలు, రంగులు, రసాయనాలు, బ్యాటరీలు, తోళ్లు నిల్వ చేసిన చోటైతే నేల పరీక్ష నివేదిక అడగండి. సీసం, నూనె పదార్థాలు మట్టిలో దశాబ్దాలు ఉండిపోతాయి. పైన పార్కు వేసినా బోరు నీళ్లలో కనిపించవచ్చు. భూమి కింద ఇంధన ట్యాంకులు తీసేశారో పూడ్చేశారో కాగితం ఉండాలి. కూల్చిన శిథిలాల మీదే మట్టి పోసి చదును చేసి ఉంటే ప్రహరీలు, లోపలి రోడ్లు కుంగుతాయి. పెద్ద భవనం పైల్స్ (లోతుగా దించిన పునాది స్తంభాలు) మీద నిలబడుతుంది కానీ దానికొచ్చే పైపులు కుంగే నేలలో ఉంటాయి, గోడ దగ్గర విరిగేది అవే.

కింది అంతస్తంతా పార్కింగ్ కోసం గోడల్లేకుండా పిల్లర్ల మీద వదిలేస్తే భూకంపంలో ముందు మడతపడేది ఆ అంతస్తే. షియర్ వాల్ (పక్కకు ఊగకుండా ఆపే కాంక్రీటు గోడ) ఉందా అని స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో చూపించమనండి.

గాజుతలుపు:
పక్క ఖాళీ స్థలం కూడా. కొత్త ప్రాంతంలో ఈరోజు మీకు కనిపించే ఆకాశం రేపటి టవర్ నంబర్ నాలుగు. మీ కిటికీ మధ్య నుంచి ఎదురు భవనం నెత్తికి గీసిన గీత అడ్డగీతతో చేసే కోణం 25 డిగ్రీల లోపు ఉంటే పగటి వెలుతురుకు ఢోకా లేదని వాస్తు శిల్పులు వాడే ఒక సులువైన కొలత. కిటికీ నుంచి దూరం 6 మీటర్లు, ఎదురిల్లు మీ కిటికీ కన్నా 9 మీటర్లు ఎత్తైతే కోణం 56 డిగ్రీలు. మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. ఇది పాత సందులకూ వర్తిస్తుంది. పక్క స్థలంలో ఎంత ఎత్తు కట్టడానికి అనుమతి ఉందో జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే) పత్రంలో ఉంటుంది, ఇప్పుడు ఖాళీగా ఉందా లేదా అన్నది కాదు.

పక్కన సెల్లార్ తవ్వితే మీ పునాదికి పక్క ఆసరా పోతుంది. తవ్వకం మొదలవకముందే మీ గోడలన్నీ తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత పగులు వస్తే అది ముందునుంచీ ఉందని వాదించడమే వాళ్ల మొదటి పని.

దస్తావేజు:
కాగితాల దగ్గర మూడు విషయాలు నడిబొడ్డుకే ప్రత్యేకం.

రోడ్డు వెడల్పు గీత. మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధి భవిష్యత్తు వెడల్పు ఎంతో చూసి, ఇప్పటి నడి గీత నుంచి సగం కొలవండి. గీత మీ భవనంలోంచి పోతుంటే మీ పడకగది దాంట్లో పోకపోయినా మెట్లు, లిఫ్టు, సంపు పోవచ్చు. రెండు, భూమిలో మీ వాటా. పాత భవనంలో కట్టడం విలువ ఏటేటా కరుగుతుంది, నిలిచేది భూమి. "నడిబొడ్డులో కొన్నవాడికి నష్టం రాదు" అంటుంటారు. వాటా స్పష్టంగా రాసి ఉన్నవాడికి ఆ మాట కొంత నిజం, రాయనివాడికి కూల్చి కట్టే రోజున గొడవే మిగులుతుంది. మూడు, యజమానుల సంఘం లెక్కలు. మూడేళ్ల సమావేశాల మినిట్స్, నిల్వ నిధి, నడుస్తున్న కేసులు అడగండి. లిఫ్టు 20–25 ఏళ్లు దాటితే మార్పిడి ఖర్చు దగ్గర్లోనే ఉంది, నిధి ఖాళీగా ఉంటే మీరు చేరిన ఏడాదే మీ వాటా అడుగుతారు.

కొత్త మెట్రో వస్తుందన్న మాటకు ధర కట్టకండి. ప్రకటన వేరు, నిధుల మంజూరు వేరు, పిల్లర్లు లేవడం వేరు. లేచాక కూడా ఏళ్ల తరబడి రేకుల కంచె మీ వీధిలోనే ఉంటుంది.

మట్టంగొట్టం:
పెద్దావిడ ఉన్నారన్నారు కాబట్టి లిఫ్టు లోపల కొలవండి. స్ట్రెచర్ పడుకోబెట్టి పట్టాలంటే 1.1 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల లోతు కావాలి. పాత భవనాల్లో చాలా లిఫ్టుల్లో కుర్చీలో కూర్చోబెట్టే దించాలి. మెట్ల మలుపు దగ్గర మంచం తిరుగుతుందా చూడండి. లిఫ్టు సగం అంతస్తులో ఆగే భవనాలూ ఉన్నాయి, అక్కడ ఆరేడు మెట్లు మోకాళ్లకు రోజూ పరీక్షే. ఇక సందు: ఫైరింజను రావాలంటే సుమారు 3.5 మీటర్ల వెడల్పు, పైన తీగలు లేకుండా 4.5 మీటర్ల ఎత్తు ఉండాలి, అదీ బళ్లు పెట్టాక మిగిలింది.

మూడోమెట్టు:
మూడు పేటల బదులు ఆరు గుమ్మాలు రాసుకున్నాం, ఒక్కో పేట నుంచి రెండేసి. మొదటి పేటలో ఒక భవనం గడప రోడ్డు కన్నా 10 సెంటీమీటర్లు కింద ఉందని ఈరోజు గొట్టంతో తేలింది, అది తీసేశాం. రెండో పేటలో వెనక వైపు పడకగదులున్న ఫ్లాటు ముందు వరసలోకొచ్చింది, కానీ దాని వెనక స్థలం ఖాళీగా ఉంది.

గాజుతలుపు:
ఆ స్థలం వెడల్పు, అనుమతించిన ఎత్తు తెచ్చి ఇక్కడ పెట్టండి, కోణం లెక్క వేద్దాం. వెనక సెట్‌బ్యాక్ (హద్దు నుంచి కట్టకుండా వదలాల్సిన దూరం) ఎంతో కూడా రాయండి, మీ వైపుదీ వాళ్ల వైపుదీ.